పీపా వాళ్ళ బోర్తొలో చెడ్డ రక్తం సంపాదించిన వైనం

లిమోనేలో పుట్టినవాడెవడూ సరస్సు వైపు చూడడు. అది జర్మనీ నుంచి వచ్చే యాత్రికుల పని. వాళ్ళు అంత దూరం నుంచి ఖర్చు పెట్టుకుని వచ్చి చూస్తుంటే మధ్యలో మనమెందుకు అడ్డమని, మావాళ్ళు సరస్సుకు వీపు తిప్పి పని చేసుకుంటారు.

వెనక గోడలాంటి కొండ, ముందు గార్దా సరస్సు, మధ్యలో తుండుగుడ్డ ఆరేసినంత ఊరు. కొండ తొలిచి రోడ్డు వేసేదాకా పెళ్ళికూతురైనా, పీనుగైనా, ఉప్పు బస్తా అయినా పడవ మీద రావాల్సిందే. పిల్ల కోసం అంత దూరం తెడ్డు వేసే ఓపిక లేక మా పూర్వీకులు పక్కింటి పిల్లనే చేసుకున్నారు. దాంతో ఊరందరికీ కలిపి గుప్పెడు ఇంటిపేర్లే మిగిలాయి. వీధిలో నిలబడి ఒక పేరు పిలిస్తే సగం వీధి పలుకుతుంది. అందుకని ఒక్కో కుటుంబానికీ ఊరే ఒక ఎగతాళి పేరు పెట్టి, ఆస్తితో పాటు దాన్ని కూడా పిల్లలకు రాసిచ్చింది. మన బోర్తొలో పీపా వాళ్ళ బోర్తొలో.

ఆ పేరు ఊరికే రాలేదు. వాళ్ళ ముత్తాత ఒకాయన ఆలివ్ నూనె పీపాలో పడ్డాడు. ఈత రాదు. ఏం చేస్తాడు? తాగడం మొదలుపెట్టాడు. అడుగుదాకా తాగి, నిచ్చెన వేయించుకుని పైకొచ్చి, రొట్టె ఏదీ అని అడిగాడు. నమ్మనివాళ్ళకు ఇప్పటికీ ఆ పీపా చూపిస్తారు. ఖాళీగానే ఉంది. ఇంతకన్నా సాక్ష్యం ఏ కోర్టులో అడుగుతారు?

బోర్తొలో తల్లి తొంభై దాటాక కూడా పందికొవ్వు ముక్క బుగ్గన పెట్టుకుని గుమ్మంలో కూర్చునేది. కొవ్వు మానమ్మా అని చెప్పిన డాక్టర్లందరి అంత్యక్రియలకూ వెళ్ళి, చివరికి విసుగు పుట్టి తనూ పోయింది. ఆమెకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడు ఫౌస్తీనో చేపల పడవ నడిపేవాడు, మాటలు తక్కువ. చిన్నవాడు బోర్తొలో, మాటలకు కొదవలేదు. అతనికి యాభై దగ్గర పడ్డా పెళ్ళి కాలేదంటే కారణం అదే. ఏ పిల్లకైనా తన మనసులో మాట చెప్పాలంటే ముత్తాత పీపా దగ్గర మొదలుపెట్టేవాడు. అసలు సంగతికి వచ్చేసరికి ఆ పిల్లకు వేరే సంబంధం కుదిరిపోయేది.

పని మాత్రం బంగారం. ఊళ్ళో మిగిలిన నిమ్మ ఇళ్ళలో ఒకటి అతని చేతుల్లో ఉండేది. మా దగ్గర చలికి నిమ్మచెట్టు బతకదు. అందుకని కొండ వాలులో మెట్లు మెట్లుగా రాతి స్తంభాలు నిలబెట్టి, చలి మొదలవగానే వాటి మీద దూలాలూ పలకలూ పరిచి, ముందు అద్దాలు బిగించి, చెట్లను ఇంట్లో పెట్టి తలుపేస్తారు. మనుషుల ఇళ్ళు కారితే కారనీ, నిమ్మచెట్టు నెత్తిన చుక్క పడకూడదు. ఆ పలకలన్నీ కింది కొట్టంలోంచి భుజం మీద మోసుకుని పైకెక్కాలి. ఒక ఏడాది ఆ పలకల మీద పిల్లి నిద్రపోతూ ఉంటే బోర్తొలో దాని నిద్ర చెడకుండా పై మెట్టుకి చేర్చాడనీ, అది లేచి ఊరు మారిపోయిందనుకుందనీ చెప్పుకుంటారు. పిల్లి ఏమనుకుందో ఎలా తెలిసిందని అడిగేవాణ్ణి మా ఊళ్ళో కథలకు పిలవరు.

ఆ రోజుల్లో అతని మనసు రొట్టెల కొట్టు ఎర్మెలిందా మీద ఉండేది. ఆమెది మా ఊరు కాదు, కొండ మీది ఊరు. మా ఊరి ప్రీమోని పెళ్ళాడి కిందికి దిగింది. ఆ ప్రీమో ఆలివ్ కాయలు కోస్తూ నిచ్చెన మీదే గుండె ఆగి పోయాడు. మనిషి పోయినా చేయి కొమ్మను వదల్లేదు. మా దగ్గర పోయినవాళ్ళ కోసం నలుపు కడతారు కాబట్టి ఎర్మెలిందా చాలా ఏళ్ళు నల్లబట్టలు కట్టింది. తర్వాత ఒకనాడు ఆ నల్ల గౌను తీసుకెళ్ళి చిక్కుడు పాదుల్లో దిష్టిబొమ్మకు తొడిగి, తను నీలం రంగు గౌను వేసుకుని కొట్టు తెరిచింది. "ఇంక నలుపు కట్టను. నాకన్నా ముందు పోయి మళ్ళీ కట్టే పని పెట్టేవాడెవడూ నా గడప తొక్కక్కర్లేదు" అని రొట్టె కొన్న ప్రతివాడికీ చెప్పింది. బోర్తొలో పూటకొక రొట్టె కొనేవాడు కాబట్టి ఆ మాట అందరికన్నా ఎక్కువసార్లు విన్నాడు.

ఇలా ఉండగా మిలానో నుంచి డాక్టర్లు దిగారు. ఊరు విడిచి మిలానోలో స్థిరపడ్డ మావాడొకడి రక్తం పరీక్ష చేస్తే, ఈపాటికి పోయుండాల్సిన మనిషని తేలిందట. ఆ మనిషేమో వాళ్ళెదురుగా కూర్చుని కాఫీ తాగుతున్నాడు. దీని సంగతేమిటో చూద్దామని ఊరందరి రక్తమూ అడిగారు. మావాళ్ళు పన్ను కట్టమంటే నసుగుతారు గానీ రక్తం ఊరికే ఇస్తారు. బడి ముందు బారు తీరి చేతులు చాపారు.

కొన్నాళ్ళకు కబురొచ్చింది. కొన్ని కుటుంబాల్లో, రెండొందల ఏళ్ళ కిందటి ఒక జంట నుంచి దిగిన వాళ్ళలో, వింత రక్తం ఉందట. ఆ రక్తం ఉన్నవాళ్ళకు గుండె నాళాలు పూడవట. పీపా వాళ్ళ ఫౌస్తీనోని చర్చి పక్క హాలుకు పిలిచి చేయి కలిపి, ఇంకో సీసాడు రక్తం అడిగారు. బోర్తొలోని పిలవలేదు.

"అన్నయ్యా, నీ రిపోర్టు ఏమంటోంది?" అన్నాడు బోర్తొలో, పడవ దగ్గర.

"మంచి కొవ్వు పాతాళంలో ఉందట. రక్తంలో తేలే కొవ్వు ఆకాశంలో ఉందట. లెక్క ప్రకారం నేనెప్పుడో పోవాలి" అన్నాడు ఫౌస్తీనో, లాటరీ తగిలినవాడిలా.

"నాది అంతా సరిగ్గా ఉందంటున్నారు."

"అంతానా?"

"అంతా."

ఫౌస్తీనో వల దులపడం ఆపాడు. "అయ్యయ్యో! పోనీలేరా, అమ్మ బతికుండగా బయటపడలేదు. నయం."

ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా అంటారు గానీ, ఈ రక్తం సామెతలు చదువుకోలేదు. ఒకే కడుపున పుట్టినా ఒకడికి రావచ్చు, ఒకడికి రాకపోవచ్చు. బోర్తొలోకు ఆ సంగతి ఎవరో చెప్పారు. అతను మాత్రం తనను పీపా వంశం నుంచి గెంటేశారనే అనుకున్నాడు.

అప్పటికి ఊళ్ళో ఆ రక్తానికి గిరాకీ పుట్టింది. కాఫీ కొట్టులో అది ఉన్నవాళ్ళకు కిటికీ పక్క కుర్చీ ఇచ్చేవారు. ఎర్మెలిందా కూడా రొట్టె చుడుతూ తలెత్తకుండా అడిగింది.

"ఏమయ్యా బోర్తొలో, మీ అన్నని పిలిచారటగా. నిన్నూ పిలిచారా?"

నోరు మూసుకుంటే సరిపోయేది. కానీ ఆ నోటికి మూసుకునే అలవాటు లేదు. "పిలవకేం! మా అన్న రక్తం కన్నా నాది చిక్కన అన్నారు" అనేశాడు.

ఎర్మెలిందా తలెత్తి చూసింది. ఆ చూపుకు బోర్తొలో కాళ్ళ కింద నేల ఒక జాన కిందికి దిగింది. "అయితే వచ్చే ఆదివారం భోజనానికి రా" అంది.

అబద్ధం ఆడినవాడు మామూలుగా దాన్ని దాస్తాడు. బోర్తొలో మనిషి వేరు. అబద్ధాన్ని నిజం చేద్దామనుకున్నాడు. శీతాకాలం ముందు డాక్టర్లు మళ్ళీ వచ్చి, ఆ కుటుంబాల్లో అందరి రక్తమూ ఇంకోసారి తీస్తారని తెలిసింది. అన్న రిపోర్టు చెడ్డది, అదే మంచిదని తేలింది. తన రిపోర్టు మంచిది, అదే కొంప ముంచింది. కనుక తన రక్తం కూడా చెడితే వాళ్ళు తనను కూడా హాలుకు పిలిచి చేయి కలుపుతారు. ఇందులో తప్పేదో ఇప్పటికీ కాఫీ కొట్టులో కొందరికి అంతుపట్టలేదు.

పులిని చూసి నక్క వాతలు పెట్టుకుంది. మన నక్క వాతలు వెన్నతో పెట్టుకుంది.

పొద్దున్న రొట్టె మీద పందికొవ్వు. మధ్యాహ్నం మొక్కజొన్న సంకటి మీద వెన్న, దాని మీద జున్ను, జున్ను జారిపోకుండా మళ్ళీ వెన్న. చేపలు మానేశాడు, అవి రక్తాన్ని బాగుచేస్తాయని అనుమానం. ఆదివారాలు ఊళ్ళో చువ్వ మాంసం కాలుస్తారు. పంది ముక్కలూ ఆలుగడ్డలూ చువ్వకు గుచ్చి, పొద్దుటి నుంచి నిప్పుల మీద తిప్పుతూ పైనుంచి కరిగిన వెన్న పోస్తారు. ఆ కొవ్వంతా కింద పళ్ళెంలోకి జారుతుంది. అందరూ మాంసం కోసం చూస్తుంటే బోర్తొలో పళ్ళెం దగ్గర కాపు కాసేవాడు. సంకటి ముద్దతో దాన్ని ఎంత శుభ్రంగా తుడిచేవాడంటే, కడగడం మరిచిపోయి అలాగే గూట్లో పెట్టేసేవారు. అతను వీధిలో నడుస్తుంటే పిల్లులు వెనక ఊరేగింపుగా వచ్చేవి.

"కొంచెం చూసుకుని తినరా" అన్నాడు ఫౌస్తీనో.

"నువ్వు తినట్లేదూ?"

"నేను ఆకలేస్తే తింటాను. నువ్వు పరీక్షకి చదివినట్టు తింటున్నావు."

చలి మొదలైంది. పలకలు పైకి చేర్చే రోజులొచ్చాయి. బోర్తొలో ఎప్పటిలాగే భుజానికెత్తుకున్నాడు. సగం దూరం వెళ్ళేసరికి ఎవరో రొమ్ము మీద నిమ్మకాయల బుట్ట పెట్టినట్టయింది. గాలి పట్టేసిందనుకున్నాడు. పలక దించి, నిలబడి, ఏం చేయాలో తోచక సరస్సు వైపు చూశాడు. కాసేపటికి బుట్ట దిగింది. మర్నాడూ అంతే. ఆ మర్నాడు ఇంకో మెట్టు కిందే ఆగాడు. ఎవరికీ చెప్పలేదు. చెడ్డ రక్తం పట్టుబడుతోందన్న గుర్తేమోనని లోపల్లోపల చిన్న ఆశ కూడా ఉండేది.

రొట్టెల కొట్టు వెనక గుమ్మంలోంచి ఆ మెట్లన్నీ కనిపిస్తాయి.

డాక్టర్లు వచ్చి రక్తం తీసుకెళ్ళారు. బోర్తొలో రక్తం సీసాలో కాసేపు నిలబెడితే పైన పాలలా తేరిందనీ, నర్సు దాన్ని కాఫీ బల్లకు దూరంగా పెట్టిందనీ అంటారు. ఈసారి అతనికి కబురొచ్చింది. మిలానో డాక్టరమ్మ బడిలో కలుస్తానంది. బోర్తొలో గడ్డం గీసుకుని, ఆదివారం కోటు వేసుకుని, ఎర్మెలిందాని కూడా వెంటబెట్టుకుని వెళ్ళాడు. తన నోటితో చెప్పుకుంటే ఏం బావుంటుంది, డాక్టరమ్మే చెప్తే విననీ అని.

పిల్లల బల్ల మీద మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ఇద్దరూ కూర్చున్నారు. డాక్టరమ్మ రిపోర్టు చూస్తోంది.

"వసంతంలో మీ రక్తం బ్రహ్మాండంగా ఉంది బోర్తొలో గారూ. ఇప్పుడు చాలా చెడిపోయింది."

బోర్తొలో చంకలు గుద్దుకున్నంత పని చేశాడు. "చెడిందా! మంచి కొవ్వు దిగిందా?"

"దిగింది."

"తేలే కొవ్వు పెరిగిందా?"

"విపరీతంగా. చక్కెర కూడా పెరుగుతోంది."

"విన్నావా ఎర్మెలిందా! అచ్చం మా అన్నలాగే!"

డాక్టరమ్మ రిపోర్టు పక్కన పెట్టింది. "మీ అన్నలాగా కాదు. మీ అన్న రక్తం చెడ్డగా కనిపిస్తుంది. మీది చెడ్డది."

ఆమె కిటికీలోంచి రేవు చూపించింది.

"చూడండి. కొవ్వు నీళ్ళలో కలవదు. రక్తమేమో నీళ్ళలాంటిది. అందుకని ఒళ్ళు కొవ్వుని పడవల్లో ఎక్కించి తిప్పుతుంది. పడవ పైచెక్క మాంసకృత్తి, లోపలి సరుకు కొవ్వు. దాన్నే లైపోప్రోటీన్ అంటాం. కొన్ని పడవలు సరుకు తెచ్చి దింపుతాయి. అవి మరీ ఎక్కువైతే ఒడ్డంతా సరుకు పడిపోయి రేవు పూడిపోతుంది. కొన్ని పడవలు ఖాళీగా వచ్చి, ఒడ్డున పేరుకున్నది ఎత్తుకుని కాలేయానికి చేరుస్తాయి. ఇవే మంచివి."

"మా అన్నకి అవే తక్కువన్నారుగా?"

"తక్కువే. కానీ ఆ పడవ కట్టిన చెక్కల్లో ఒక్క చెక్క తేడా. అదెక్కడా లేని చెక్క, మీ ఊరిదే. ఉన్న కాసిని పడవలూ బాగా ఎత్తుతున్నట్టున్నాయి. మీకు ఆ చెక్క లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. అది పుట్టుకతో రావాలి. తింటే రాదు. మీరు చేసిందల్లా, ఎత్తే పడవల్ని తగ్గించుకుని దింపే పడవలకు దారి ఇవ్వడం. ఇంతకీ ఏం తిన్నారు?"

బోర్తొలో జీవితంలో మొదటిసారి ముత్తాత ప్రసక్తి లేకుండా ఒక్క ముక్కలో జవాబిచ్చాడు. "వెన్న."

అతను ఎర్మెలిందా వైపు చూడలేదు. ఆమె డాక్టరమ్మనే చూస్తోంది.

"డాక్టరమ్మా, ఒక మాట. ఈయన పలకలు మోస్తూ మధ్యలో ఆగి సరస్సు వైపు చూస్తున్నాడు."

"అందంగా ఉంటుంది కదా" అంది డాక్టరమ్మ.

"మా ఊళ్ళో ఎవరూ చూడరమ్మా. ఈయన యాభై ఏళ్ళలో చూడలేదు. ఇప్పుడు రోజూ చూస్తున్నాడు. రోజూ ఒక మెట్టు కింద నుంచి. మా ప్రీమో కూడా పోయే ముందు సరస్సు చూడ్డం మొదలుపెట్టాడు. ముచ్చట పడుతున్నాడనుకుని నేను ఊరుకున్నాను."

డాక్టరమ్మ బోర్తొలో చేయి పట్టుకుని నాడి చూసింది. "రొమ్ములో బరువుగా ఉంటుందా?"

"నిమ్మకాయల బుట్టంత. అబ్బే, పెద్ద బుట్టేం కాదు."

ఆ సాయంత్రానికి అతన్ని బ్రెష్యా ఆసుపత్రిలో పడుకోబెట్టారు. ఇంకో వారం పలకలు మోసి ఉంటే ప్రీమోలా కొమ్మ పట్టుకునే అవకాశం కూడా ఉండేది కాదని అక్కడి పెద్ద డాక్టరు అన్నాడట. నిమ్మ ఇంటికి ఆ ఏడాది పలకలు ఫౌస్తీనో వేశాడు. చేపల మనిషి కదా, రెండు చెట్లు చలికి పోయాయి.

ఎర్మెలిందా రొట్టె పట్టుకుని ఆసుపత్రికి వెళ్ళింది. వెన్న లేదు.

"చచ్చేవాడివైతే చావు. అబద్ధమెందుకు ఆడావు?"

"నిజం చెప్తే భోజనానికి పిలిచేదానివా?"

"పిలిచేదాన్ని కాదు."

"మరి?"

ఆమెకు కోపం తన్నుకొచ్చింది. దాన్ని రొట్టె విరవడం మీద చూపించింది. "రక్తం రక్తం అని నేనూ అందరిలాగే వెర్రెత్తాను. రక్తం లేకపోతే పోయింది. నోరుంది కదా! పీపా గురించి పొద్దస్తమానం వాగే నోరు, నొప్పని ఒక్క ముక్క చెప్పడానికి రాలేదా? ప్రీమో కూడా చెప్పలేదు. మీ మగాళ్ళకి గుండె ఆగినా పర్లేదు, మాట పడకూడదు."

"చెప్తే ఏం చేసేదానివి?"

"పలకలు దింపమనేదాన్ని."

బోర్తొలో రొట్టె నమిలాడు. చప్పగా ఉంది. "ఇకమీద చెప్తాను" అన్నాడు.

"ఎక్కడ నొప్పున్నా?"

"ఎక్కడున్నా."

ఈ ఒక్క షరతు మీద వాళ్ళ పెళ్ళయింది. విందులో ఉడకబెట్టిన చేప వడ్డించారు. పీపా వాళ్ళ వంశచరిత్రలో అంతటి అవమానం ఎన్నడూ జరగలేదని ఫౌస్తీనో అన్నాడు, అని రెండోసారి వడ్డించుకున్నాడు.

బోర్తొలో మాట తప్పలేదు. అదే వచ్చిన చిక్కు. మోకాలు, మెడ, చెవి, కాలి చిటికెన వేలు, ఒకసారి తన నీడ పడిన చోట తిమ్మిరి, అన్నీ కొట్టుకు వచ్చి రొట్టెలు కొనేవాళ్ళందరి ముందూ చెప్పేవాడు. "ఆ షరతు పెట్టిన రోజు నా నోరు పడిపోయుంటే బావుండేది" అనేది ఎర్మెలిందా, బీన్స్ ఉడకబెడుతూ. నాలిక కింద పెట్టుకునే మాత్రలు, ఆకుకూర, రోజూ నడక. బోర్తొలో పొట్ట దిగింది, రక్తం దారికొచ్చింది. సాయంత్రాలు నిమ్మ ఇంటి మెట్ల దాకా ఇద్దరూ నడిచేవాళ్ళు. డాక్టరు మధ్యలో ఆగమన్నాడు కాబట్టి ఆగేవాళ్ళు. ఆగి ఏం చేస్తారు, సరస్సు చూసేవాళ్ళు. ఊరు ఊరంతా సిగ్గుపడి తల తిప్పుకునేది.

ఫౌస్తీనో కొవ్వు తింటూనే బతికాడు. ముసలితనంలో తమ్ముడి నిమ్మ ఇంటి మీద పలక సరిచేస్తూ నిచ్చెన మీంచి జారిపడి పోయాడు. ఆ రక్తానికి నాళాలు కడగడం తెలుసు, నిచ్చెన పట్టుకోవడం తెలియదు. మిలానో డాక్టర్లు కోసి చూస్తే నాళాలు కొత్త గొట్టాల్లా ఉన్నాయట. "నాకది లేకే నిచ్చెన ఎక్కడం మానేశాను, బతికిపోయాను" అన్నాడు బోర్తొలో, సమాధి దగ్గర, ఏడుస్తూనే.

ఎర్మెలిందాది కొండ మీది ఊరు కదా, ఆమె రక్తం ఎవరూ అడగలేదు. షరతు కూడా అతనికే, ఆమెకు ఎవరూ పెట్టలేదు. ఎనభై దాటాక ఒక శరత్కాలం ఆమె మెట్ల మీద ఎక్కువసేపు ఆగి సరస్సు చూడడం మొదలుపెట్టింది. రోజూ చూసేదే కదా అనుకున్నాడు బోర్తొలో. పక్కనే నిలబడి తనూ చూశాడు. తన భుజం నొప్పి గురించి చెప్పాడు. ఆమె వింది. వారం తిరక్కుండా, తెల్లవారుజామున పిండి కలుపుతూ, అక్కడే ఆగిపోయింది.

ఆమె పంతం నెగ్గింది. నలుపు మళ్ళీ కట్టలేదు.

అంత్యక్రియల పొద్దున బోర్తొలో కత్తెర తీసుకుని చిక్కుడు పాదుల్లోకి వెళ్ళాడు. దిష్టిబొమ్మ మీది గౌను ఎండకూ వానకూ బూడిద రంగుకు తిరిగింది. చంక కింద, ఎండ తగలని చోట మాత్రం నలుపు అలాగే ఉంది. అక్కడొక పట్టీ కత్తిరించి కోటు చేతికి కట్టుకున్నాడు. గుమ్మం దగ్గర పొరుగువాళ్ళు నిలబడి ఉన్నారు.

"నొప్పిగా ఉంది" అన్నాడు వాళ్ళతో. ఎక్కడని ఎవరూ అడగలేదు.